పారకుళిలో పడవలు

క్రషర్ ఆగిపోయినప్పుడు మా ఊళ్ళో సంతోషపడింది నేనొక్కదాన్నే. ఆ మాట అప్పట్లో ఎవరితోనూ అనలేదు. అన్ని ఇళ్ళ పొయ్యిలూ దాని మీదే ఆధారపడి ఉంటే, అది ఆగిందని మురిసిపోయే ఆడమనిషిని ఎవరు భరిస్తారు?

మాది పొల్లాచ్చి వైపు చిన్న ఊరు. కొబ్బరితోట, తోట నడుమ ఇల్లు, తోట ముగిసే చోటి నుంచి నేలంతా రాయి. మా మామగారు ఆ రాతినేలలో క్వారీ తెరిచారు. మొదట సుత్తీ ఉలీ, తరువాత తూటాలు, ఆ తరువాత రాళ్ళను కంకరగా నలిపే క్రషర్. నేను కోడలిగా వచ్చేనాటికే ఆ గుంట మా ఇంటికన్నా లోతు. మా వైపు అలాంటి గుంటను పారకుళి అంటారు. రోజూ భోజనాల వేళకి విజిల్ ఊదేవాళ్ళు, వెంటనే పేలుడు. గూట్లో గిన్నెలు గలగలమనేవి. పాల మీద మూత పెట్టడం మరిచిపోతే మీగడ బదులు దుమ్ము తేలేది. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగు చీర అయ్యేది. కొబ్బరాకులు కూడా వాన పడితేనే పచ్చగా కనబడేవి.

క్వారీ అనుమతి మళ్ళీ ఇచ్చేది లేదని పైవాళ్ళు చెప్పేశారు. రాయి కూడా అడుగంటింది. లారీలు రావడం మానేశాయి. మలుపులో టీ అంగడి మూతపడింది. రాళ్ళు కొట్టేవాళ్ళలో సగం మంది తిరుప్పూర్ బనియన్ కంపెనీలకి, మిగతావాళ్ళు పొల్లాచ్చిలో కొబ్బరి ఎండబెట్టే కళ్ళాలకి వెళ్ళిపోయారు. గుంటలో ఊటనీరూ వాననీరూ చేరి, రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి అది ఆకుపచ్చ చెరువులా నిండింది.

నాకు కావలసిన నిశ్శబ్దం దొరికింది. దానితో పాటు రోజంతా ఇంట్లోనే ఉండే మొగుడు కూడా దొరికాడు.

మా ఆయనకి ఊహ తెలిసినప్పటి నుంచి ఆ క్రషరే లోకం. అది ఆగాక కూడా తెల్లవారితే చొక్కా తొడుక్కుని అక్కడికి వెళ్ళి, తుప్పు పడుతున్న మెషిన్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాడు. తరువాత వసారాలో కూర్చునేవాడు. కూర్చుని కూర్చుని వంటింట్లోకి వచ్చేవాడు. డబ్బాలన్నీ వరస మార్చేవాడు. గ్యాసు కట్టేశానా లేదా అని నా వెనకే వచ్చి చూసేవాడు. చారులో ఉప్పు ఎంత వేశానో అడిగేవాడు. ఎక్కడికైనా పోయి రండి అంటే, యాడికి పోయేది, అనేవాడు. ఆయన గొంతులో అంత ఖాళీ ఉన్నప్పుడు నేను మాత్రం ఎలా పోట్లాడను?

అప్పుడొచ్చాడు మా మరిది.

మా మరిదికి అవినాశిలో బనియన్లు కుట్టించే కంపెనీ ఉంది. ఏదో బట్టల సంతకి జర్మనీ వెళ్ళి, ఖాళీ దొరికిన రోజున అక్కడివాళ్ళతో కలిసి ఊరు చూడ్డానికి పోయాడట. తిరిగొచ్చాక మా వసారాలో కూర్చుని ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. పెద్ద పెద్ద నీటి గుంటలు, గట్టు మీద సైకిళ్ళు, నీళ్ళలో రంగురంగుల పడవలు, తెల్లటి ముసలివాళ్ళు నిక్కర్లు వేసుకుని నవ్వుతున్నారు.

"చూడండి వదినా, ఇదేమి చెరువు కాదు. బొగ్గు తీసిన గుంట. బొగ్గు అయిపోయింది, ఊరు ఊరంతా పని లేక కూర్చున్నారంట. నీళ్ళు నింపి పడవలు వేస్తిరి. ఇప్పుడు జనం ఆగకుండా వస్తా ఉండారు. మన పారకుళిలో నీళ్ళు దానంతట అదే నిండి ఉండాది."

నేను ఫొటో చూసి, అక్కడ పక్కన ఇల్లేమైనా ఉందా తంబీ, అని అడిగాను. మా వైపు మరిదిని తంబీ అనే పిలుస్తాం. లేదే, అన్నాడు. ఇక్కడ ఉంది కదా, అన్నాను. మా ఆయన అప్పటికే ఫోన్ తమ్ముడి చేతిలోంచి తీసుకుని, కళ్ళద్దాలు పైకి జరిపి, ఆ బొగ్గు గుంట గోడలు ఎంత వాలుగా ఉన్నాయో చూస్తున్నాడు. ఎన్నో నెలల తరువాత ఆయన ఒక వస్తువును అంత శ్రద్ధగా చూడ్డం అదే. ఆ చివరి మాట ఇద్దరిలో ఒక్కరికీ వినబడలేదు.

తరువాత కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో ఆఫీసు ఉన్న ఒక కుర్రాడిని పిలిపించారు. ఇలాంటి పార్కులు ఎలా పెట్టాలో చెప్పడమే అతని పని. బురదలో కూడా తెల్లబూట్లతో నడిచాడు. గుంట చూసి, వావ్ అన్నాడు. మా క్రషర్ షెడ్డు చూసి, దీన్ని కదిలించకండి, ఈ తుప్పే అందం అన్నాడు. తరువాత మా ఇంటి వసారా, ఆవు, తులసికోట, రోలు అన్నీ చూసి, ఇవన్నీ కూడా వచ్చినవాళ్ళకి ఒక అనుభవమే మేడం, అన్నాడు. ఆ రోలులో నేను రోజూ పచ్చడి నూరుతాను. అది అనుభవమని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

వద్దని గట్టిగానే చెప్పాను. లోతు గురించి, పిల్లల గురించి, పక్కనే ఇల్లుండడం గురించి, తాగి వచ్చేవాళ్ళ గురించి. ప్రతిదానికీ ఆ కుర్రాడి దగ్గర ఒక జవాబు ఉంది. కంచె వేస్తాం, లైఫ్ జాకెట్లు తెస్తాం, బోర్డు పెడతాం. ఊరివాళ్ళకి మళ్ళీ పని దొరుకుతుందని మా మరిది అన్నాక నా నోరు కట్టేసినట్టయింది. పని దొరక్కూడదని ఎలా అంటాను?

అలా మొదలైంది. క్రషర్ షెడ్డుకి ఒక వైపు నారింజరంగు పూశారు. గుంట ఈ గోడ నుంచి ఆ గోడకి ఇనుప తీగ లాగారు. దాని మీద కొక్కేనికి వేలాడుతూ మనుషులు నీళ్ళ మీదుగా జారిపోవాలి. రాతిగోడకి మేకులు దిగ్గొట్టి ఎక్కడానికి తాళ్ళు కట్టారు. పసుపుపచ్చ ప్లాస్టిక్ పడవలు లారీలో వచ్చాయి. మా ఆయన ముందుగా తానే నడుముకి పట్టీలు బిగించుకుని గోడెక్కి చూశాడు. ఆ వయసులో పట్టీల మధ్య పొట్ట ఇరుక్కుని, కింద నుంచి నేను చూస్తూ ఉండగా, చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు. లోపలికొచ్చి పప్పు మాడుతోందా అని చూసుకున్నాను.

మళ్ళీ పనికి వచ్చినవాళ్ళలో ఒకామె ఉంది. సేలం వైపు నుంచి పెళ్ళయిన కొత్తలో మొగుడితో వచ్చి, మా క్వారీలోనే రాళ్ళు కొట్టి పిల్లల్ని పెంచింది. తమిళమే మాట్లాడుతుంది, నన్ను అక్కా అంటుంది. క్వారీ మూశాక పొల్లాచ్చిలో కొబ్బరి చిప్పలు ఎండబెట్టే పనికి రోజూ బస్సులో పోయేది. ఇప్పుడామె మెడలో విజిల్ వేలాడదీసి, చీర మీద నీలంరంగు కోటు తొడిగి, వచ్చినవాళ్ళ బకిల్స్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడమన్నారు. మొదటివారం ఆమె నన్ను ఒక్కటే అడిగింది. గోడ పైన ఏమీ లేదు కదక్కా, మరి ఎందుకెక్కుతున్నారు? నాకూ తెలియదన్నాను. ఇద్దరం కాసేపు నిలబడి, ఎక్కేవాళ్ళను చూశాం. ఒక అమ్మాయి పైదాకా వెళ్ళి, చేతులు పైకెత్తి, మళ్ళీ దిగింది. సేలం ఆమె తల అడ్డంగా ఊపి బకిల్ చూడ్డానికి వెళ్ళిపోయింది.

జనం వచ్చారు. శని ఆదివారాలు కోయంబత్తూరు నుంచి కార్లు, వేన్లు. నేను భయపడినవేవీ జరగలేదు, జరిగినవి నేను ఊహించనివి. పార్కులో కట్టిన రెండు బాత్రూములు చాలక, నా ఇంటి తలుపు తట్టేవాళ్ళు. వాళ్ళకి మా ఇల్లూ పార్కులోదే. తడికాళ్ళతో హాల్లో నడిచి, ఛార్జర్ ఉందా ఆంటీ అనేవాళ్ళు. ఆవు పక్కన నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్ళు. అది ఒకసారి తన్నబోతే, కట్టేసుకోవాలి కదా అని నాకే చెప్పారు. కరివేపాకు కొమ్మ విరిచి, ఇది మందు కొట్టనిదేనా అని అడిగిందొకామె. మధ్యాహ్నం పూట షెడ్డులో స్పీకర్ పెట్టి పాటలు వేసేవాళ్ళు. ఆ మోతకి గూట్లో గిన్నెలు మళ్ళీ గలగలమన్నాయి. పేలుడైతే రోజుకొక్కసారే.

ఆయనకి చెప్తే, కొంజం ఓర్చుకో, అనేవాడు. ఎంతసేపు? వాళ్ళు పోయేదాకా. వాళ్ళు పోతే మరుసటి వారం వేరేవాళ్ళు వస్తారు. ఆయనకి మాత్రం ఒళ్ళు నల్లబడింది, నడుము నిటారైంది. రాత్రి భోజనం దగ్గర ఎవరు ఎంత ఎత్తెక్కారో చెప్పేవాడు. నా డబ్బాల జోలికి రావడం మానేశాడు. అందుకే పూర్తిగా కోపపడలేకపోయేదాన్ని, అది నాకు ఇంకా చిరాకు.

హైదరాబాదు వాళ్ళు ఒక ఆదివారం వచ్చారు. భార్యాభర్తలు, వాళ్ళ స్నేహితులు ఇంకొందరు. ఊటీ పోతూ మధ్యలో ఆగారు. మంచినీళ్ళ కోసం వసారాకి వచ్చినప్పుడు, వాళ్ళలో వాళ్ళు తెలుగు మాట్లాడుకోవడం విని నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఇళ్ళల్లో తప్ప బయట తెలుగు ఎక్కడ వింటాం? నేను చదివింది తమిళ బడిలో. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. అందుకే ముందుకొచ్చి, మాదీ తెలుగేనమ్మా, యా ఊరు మీది, బువ్వ తింటిరా, అన్నాను.

ఆ భర్త నవ్వాడు. భార్య కూడా నవ్వి, బువ్వట, ఎంత క్యూట్‌గా ఉందో, అంది. వాళ్ళ వైపు ఆ మాట చంటిపిల్లలతో మాత్రమే అంటారట. ఆంటీ, ఇంకోసారి చెప్పరా, అని ఫోన్ పైకెత్తింది. నేను అర్థం కాక చూస్తుంటే, భర్త పక్కవాళ్ళతో, వినండిరా, ఇది మ్యూజియంలో పెట్టాల్సిన తెలుగు, అన్నాడు.

వాడు చెడ్డగా అనలేదు. మెచ్చుకోవడమే అనుకుని ఉంటాడు. కానీ ఎన్ని తరాలుగానో ఈ నేల మీద, చుట్టూ వేరే మాట వినబడుతుండగా, అన్నం దగ్గరా పోట్లాటలోనూ పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడూ మేము దాచుకున్న మాట అది. నీళ్ళ చెంబు అరుగు మీద పెట్టి లోపలికొచ్చేశాను. వంటింట్లో వంకాయలు కోస్తూ, ఇంతకన్నా దుమ్మే నయం అనుకున్నాను.

అప్పుడే బయట విజిల్ మోగింది. ఆగకుండా మోగింది.

ఇక్కడ తేనీగల సంగతి చెప్పాలి. పేలుళ్ళు ఆగాక, క్వారీ ఉత్తరపు గోడలో, పైన రాయి గొడుగులా ముందుకొచ్చిన చోట, కొండ తేనీగలు పట్టులు పెట్టాయి. చేటలంత పట్టులు, నల్లగా, ఊపిరి పీలుస్తున్నట్టు కదులుతుంటాయి. ప్రతి ఏడూ వచ్చి, కొన్ని నెలలు ఉండి పోతాయి. తీగను ఆ గోడకి దూరంగా కట్టమని మా ఆయన మొదట్లోనే తమ్ముడికి చెప్పాడు. నేనూ చెప్పాను. తెల్లబూట్ల కుర్రాడు, అటు నుంచి లాగితేనే ఫొటో బాగా వస్తుందన్నాడు. ఈగలు మన జోలికి రావు, మనం వాటి జోలికి పోకపోతే సరి అని బోర్డు కూడా పెట్టాడు. ఆ రోజు ఎవరో ఫొటోల కోసం డ్రోన్ తెచ్చి, పట్టులను దగ్గర నుంచి తీద్దామని దాన్ని గోడకి ఆనించినంత పని చేశారు.

నేను గుమ్మంలోకి వచ్చేసరికి గోడ మీద నుంచి పొగలాంటిది కిందికి దిగుతోంది. కేకలు. నీళ్ళలో ఉన్నవాళ్ళు పడవలు వదిలేసి దూకుతున్నారు, తల పైకెత్తగానే మళ్ళీ కుడుతున్నాయి. సేలం ఆమె తలకి కొంగు చుట్టుకుని, విజిల్ ఊదుతూనే, గట్టు దగ్గరివాళ్ళను షెడ్డులోకి తోసి టార్పాలిన్ కప్పుతోంది. మా ఆయన తీగ దగ్గర వేలాడుతున్న ఒక పిల్లను దించుతున్నాడు. ఆయన తల చుట్టూ ఈగలే. చేతులు వదిలితే పిల్ల పడిపోతుంది, అందుకని ఆయన ఒక్క ఈగనైనా తోలుకోలేదు.

ఇంటి తలుపులు రెండూ తీసి, ఇటు రండి అని అరిచాను. తెలుగులోనా తమిళంలోనా, గుర్తులేదు. జనం పరిగెత్తుకొచ్చారు. హాలు, పడకగది, వంటిల్లు, పూజగది కూడా నిండింది. కిటికీలు మూయమన్నాను. గుమ్మం బయట కొబ్బరిపీచు కుప్పగా వేసి నిప్పంటించి, పొగ లేచాక తలుపేశాను. లోపల చీకటి, తడిబట్టల వాసన, ఏడుపులు. బియ్యం డబ్బా మీద కూర్చున్న ఒక పెద్దాయన చొక్కాలో ఇంకా ఈగ తిరుగుతోందని ఎగురుతున్నాడు. కత్తి వీపుతో ముళ్ళు గీకి తీయడం మొదలుపెట్టాను. ఒకరిది అయ్యాక ఒకరిది. మొదట భయపడినవాళ్ళు కాసేపటికి వరసగా నిలబడి ముఖాలు చాపారు.

హైదరాబాదు భర్త గోడకి జారగిలి కూర్చుని ఉన్నాడు. మిగతావాళ్ళకన్నా అతన్ని ఎక్కువేమీ కుట్టలేదు. కానీ పెదవులు ఉబ్బాయి, ఒళ్ళంతా దద్దుర్లు, గొంతులో ఊపిరి ఈల వేస్తోంది. నాకు భయం వేసింది. భార్య నా చెయ్యి పట్టుకుని, ఏమిటండీ ఇది, ఏమవుతోందండీ, అంటోంది. ఆ ఆదివారం మా మరిది కూడా వచ్చి ఉన్నాడు, అతని కారు వెనకగుమ్మం దగ్గరే ఉంది. ఆ దారిలో ఈగలు పలచబడ్డాయి. దుప్పట్లు కప్పి అతన్ని కార్లో వేశాం. ఆమె నా చెయ్యి వదల్లేదు, అందుకని నేనూ ఎక్కాను.

పొల్లాచ్చి దగ్గరే, కానీ ఆదివారం కూడా కొబ్బరికాయల లారీ ఒకటి మలుపులో అడ్డంగా తిరుగుతోంది. మా మరిది హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. వెనక సీట్లో అతని తల నా ఒళ్ళో, కాళ్ళు భార్య ఒళ్ళో. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆమె ఏడుస్తూ, మీరు మాట్లాడండి ఆంటీ, నిద్రపోనివ్వకండి, నాకు మాట రావడం లేదు, అంది.

నాకు మంచిమాటలేవీ తోచలేదు. కాబట్టి తిట్టాను.

"కళ్ళు తెరవరా అబ్బాయా. నా తెలుగు మ్యూజియంలో పెట్టాలంటివే, ఇప్పుడు విను. నువ్వు నవ్వితివి, నేను వంకాయలు కోస్తా నీ మీద కోపపడతా ఉంటిని. ఆ కోపం ఇంకా అట్లే ఉండాది. తీర్చుకోకుండా నిన్ను పోనిస్తానా?"

అక్కడితో ఆగలేదు. గుంట గురించి, స్పీకర్ గురించి, ఛార్జర్లు అడిగేవాళ్ళ గురించి, తడికాళ్ళ గురించి, పూజగదిలోకి చెప్పులతో వచ్చినవాడి గురించి, ముందు సీట్లో కారు నడుపుతున్న మా మరిది గురించి, వాడి జర్మనీ గురించి, నా మాట వినని మొగుడి గురించి, ఇన్నేళ్ళ దుమ్ము గురించి, అన్నీ చెప్పాను. నాలోపల అంత ఉందని నాకే తెలియదు. మా మరిది అద్దంలోంచి ఒకసారి చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. ఆ అబ్బాయి కళ్ళు నా మీదే ఉన్నాయి. ఎప్పుడైనా మూతపడితే చెంప తట్టి, వింటా ఉండావా, అనేదాన్ని. ఒకసారి తల ఊపాడు. ఒకసారి నవ్వబోయినట్టు ఉబ్బిన పెదవి కదిలింది.

ఆసుపత్రిలో సూది వేసి, ఆక్సిజన్ పెట్టి లోపలికి తీసుకెళ్ళారు. బయట బెంచీ మీద ఆమె నా పక్కన కూర్చుంది. ఆ వీడియో తీసేశానని చెప్పింది. ఉంచుకో, పరవాలేదు, అన్నాను. కొంతసేపటికి డాక్టరమ్మ వచ్చి, గండం గడిచింది, రాత్రికి ఇక్కడే ఉంచుతాం, అంది. అప్పుడు తడుముకుంటే నా మెడ మీద, చెవి వెనక నన్ను కుట్టిన ముళ్ళు అట్లాగే ఉన్నాయి. ఆమె తన గోళ్ళతో ఒక్కొక్కటే తీసింది.

ఇంటికొచ్చేసరికి కార్లన్నీ పోయాయి. మా ఆయన ముఖం గుర్తుపట్టేలా లేదు, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. సేలం ఆమె ఆయనకి పసుపు పూసి, నా వంటింట్లోనే కాఫీ పెట్టి ఇస్తోంది. తనకీ చేతులు రొట్టెల్లా ఉబ్బాయి.

మరునాడు మా మరిది ఇద్దరు మనుషులను వెంటబెట్టుకొచ్చాడు. కర్రలకి గుడ్డలు చుట్టి, డబ్బాలో కిరోసిన్ తెచ్చుకున్నారు. పొద్దు వాలాక పట్టులన్నీ కాల్చేస్తే వచ్చే వారానికి పార్కు తెరవచ్చునని అతని లెక్క. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"కాల్చేది లేదు తంబీ."

"వదినా, నిన్న ఒక ప్రాణం పోవలసింది. మీరే కదా ఆసుపత్రికి తీసుకొస్తిరి."

"ప్రాణం పోవలసింది ఈగల వల్లనా? తీగ యాడ కట్టకూడదో మీ అన్న చెప్తే వింటిరా? అవి నా ఇంట్లోకి వచ్చి ఛార్జర్ అడగలేదు. అవి ఉన్నంత కాలం ఉండనీ. మీరు పిలిచినవాళ్ళను అంతవరకు రావద్దని చెప్పండి."

ఈగల మీద నాకేమీ ప్రేమ లేదు. చెవి ఇంకా మండుతోంది. కానీ ఏ తప్పు జరిగినా ఇంకొకదాన్ని కాల్చో పేల్చో సరిచేయడం చూసి చూసి విసిగిపోయి ఉన్నాను. మా మరిది అన్న వైపు తిరిగాడు. ఎప్పుడూ తమ్ముడు చెప్పిందే సరి అనే మనిషి, మూసుకుపోయిన కన్నుతో కుర్చీలోంచి లేచి, ఆ కిరోసిన్ డబ్బా తీసుకుని షెడ్డులో పెట్టి తాళం వేశాడు. తిరిగొచ్చి, ఆమె చెప్పింది సరి, తీగ దక్షిణపు గోడకి మార్చుదాం, ఈగలున్న నెలల్లో తెరవొద్దు, ఇంకమీద పాటలు వద్దు, అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయన నలుగురి ముందు నా మాట సరి అనడం అదే మొదలు. కొంచెం ముందే అని ఉంటే ఇంత వాపు ఉండేది కాదని నోటిదాకా వచ్చింది. అనలేదు. రెండు రోజుల తరువాత అన్నాను.

మా మరిది అలిగి కొన్నాళ్ళు అవినాశి నుంచి రాలేదు. తెల్లబూట్ల కుర్రాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. హైదరాబాదు భర్త మాత్రం ఊరు చేరాక ఫోన్ చేశాడు. బువ్వ తింటిరా ఆంటీ, అని అడిగాడు. ఈసారి నేనే నవ్వాను.

పార్కు మళ్ళీ తెరిచారు, చిన్నగా. స్పీకర్ లేదు. ఈగలు ఉన్న నెలల్లో గేటుకి తాళం. జర్మనీ ఫొటోలో ఉన్నట్టు జనం ఏమీ ఆగకుండా రావడం లేదు. లారీలు తిరిగినప్పుడు ఊరంతా తిన్నది ఆ క్వారీ వల్ల. ఇప్పుడు పడవల వల్ల తినేవాళ్ళు కొద్దిమందే. మిగతావాళ్ళు ఇంకా బస్సెక్కి తిరుప్పూరుకే పోతున్నారు. ఊరు మళ్ళీ బతికింది అని ఎవరో పేపర్లో రాశారు. చదివి మా ఆయనకి ఇస్తే, ఆయన కూడా చదివి, మడిచి పక్కన పెట్టాడు. అయితే టీ అంగడి తెరుచుకుంది. రాతి దుమ్ముతో సేలం ఆమెకి పట్టిన దగ్గు తగ్గింది. ఆదివారాలు ఆమె కూతురు, కాలేజీ చదివే అమ్మాయి, వచ్చి పడవ నడపడం నేర్పుతోంది. బాత్రూముల కోసం మాత్రం ఇప్పటికీ నా తలుపే తడుతున్నారు.

ఈ మధ్య మదురై వైపు నుంచి కొందరు వచ్చారు. అక్కడ గ్రానైట్ తవ్వి వదిలేసిన గుంటలున్న ఊరు వాళ్ళది. నల్లరేగడిలో సేద్యం చేసుకునే తెలుగువాళ్ళు, మాలాగే ఇళ్ళలో మాత్రమే తెలుగు. వాళ్ళ తెలుగు మా తెలుగుకన్నా ఇంకో రకంగా వంగింది, అయినా ఒక పూటలో చెవికి అలవాటైపోయింది. వాళ్ళ గుంటలో కూడా పడవలు వేయాలని ఆశ. మా ఆయన వాళ్ళను గట్టంతా తిప్పి తాళ్ళు, మేకులు, కొక్కేలు చూపించాడు. ఆ ఉత్సాహం చూసి, ఇక్కడ జరిగిందేదీ ఆయన చెప్పేలా లేడని, భోజనాల దగ్గర నేనే మొదలుపెట్టాను. ముందు బాత్రూములు కట్టండి, ఇళ్ళకి దూరంగా కట్టండి, స్పీకర్ తేవద్దు, గోడ మీద ఎవరు కాపురముంటున్నారో చూసుకుని తీగ కట్టండి, అన్నిటికన్నా ముందు మీ ఇళ్ళలో ఆడవాళ్ళను అడగండి, అన్నాను. మగవాళ్ళు మర్యాదగా తల ఊపి సాంబారు అడిగారు.

వాళ్ళతో ఒకావిడ వచ్చింది, నా వయసే ఉంటుంది. అందరూ వేన్ ఎక్కుతుంటే వెనకపడి నా ఫోన్ నంబరు తీసుకుంది.

పోయిన వారం ఆమె ఫోన్ చేసింది. వాళ్ళ పార్కు పని మొదలైందట. నా మాట ప్రకారం మొదట బాత్రూములే కట్టారట. కట్టింది మాత్రం ఆమె పశువుల కొట్టం వెనక, ఆమె బోరు నీళ్ళకే పైపు కలిపి. అడిగితే, అక్కడైతే నీళ్ళు దగ్గర అన్నారట మగవాళ్ళు. చెప్తూ చెప్తూ ఆమెకి గొంతు పెరిగింది, నాకూ పెరిగింది. స్టవ్ మీద పాలు పొంగుతుంటే మా ఆయన వచ్చి గ్యాసు కట్టేసి, ఎవరితో ఆ పోట్లాట అని సైగ చేశాడు. పోట్లాట కాదని చెయ్యి ఊపి, ఫోన్ ఇంకో చెవికి మార్చుకుని, ముందు ఆ పైపు పీకించు, తరువాత మాట్లాడదాం, అన్నాను.